మా ఇంటి టేపు గోడ

మా వంటింటికి గోడ లేదు. ఈ సంగతి నేను ఫిర్యాదుగానే చెబుతున్నాను. ఎవరైనా వర్ణన అనుకుంటే అది నా తప్పు కాదు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన మొదటి రోజే అడిగాను, గోడేదని. చిట్కుల్ దాటాక కొత్తగా వేసిన వెంచర్లో చివరి వరస ఇల్లది. తలుపు తీయగానే ఒకటే హాలు. కుడి మూల టీవీకి చోటు, ఎడమ వైపు కిటికీ, తలుపుకు సరిగ్గా ఎదురుగా పొయ్యి గట్టు. గట్టు పక్కనుంచి పోతే బాత్రూం. గోడలున్నది పడకగది ఒక్కదానికే. అదీ మొహమాటానికి కట్టినట్టు చిన్నగా ఉంటుంది.

"దీన్ని ఓపెన్ కాన్సెప్ట్ అంటరమ్మా," అన్నాడు కట్టినాయన, ఫోన్లో ఏవో ఇళ్ళ బొమ్మలు చూపిస్తూ. "గాలి, వెలుతురు మస్తుగ వస్తయి. గిప్పుడు పెద్దపెద్దోళ్ళందరు గిదే అడుగుతుండ్రు."

"వాళ్ళిండ్లకు చుట్టాలు రారా?" అన్నాను.

ఆయన మా ఆయన వైపు తిరిగి, "మెల్లగ అలవాటైతది సార్, మేడంకు," అన్నాడు. అడిగింది నేను, జవాబు పోయింది పక్క మనిషికి. ఆరేళ్ళయింది. ఇంకా అలవాటు కాలేదు. ఆయన కట్టిన ఇల్లు ఎలా ఉంటుందని ఎవరైనా నన్ను అడిగితే, నేనూ వాళ్ళాయన వైపు తిరిగి జవాబు చెబుతాను.

వంటింటికి గోడ ఎందుకో గోడ ఉన్నవాళ్ళకు తెలియదు. చుట్టాలొస్తారు. "ఛాయ్ గిట్ల ఏం పెట్టకు, ఇప్పుడే తాగొచ్చినం," అంటారు. మనం "అయ్యో, అట్లెట్ల?" అంటూ లోపలికి పోతాం. లోపల పాలుండవు. మొగుణ్ణి ఏదో డబ్బా అందుకోమని పిలుస్తాం, చెవిలో చెబుతాం, ఆయన వెనక నుంచి జారుకుని దుకాణానికి పోయి వస్తాడు. చుట్టాలు ఛాయ్ తాగి, "అనవసరంగ కష్టపడ్డవ్," అంటారు. ఈ మర్యాదంతా గోడ మీద నిలబడి ఉంది. గోడ లేని ఇంట్లో నేను ఫ్రిజ్ తీస్తే, లోపల ఏముందో నాకంటే ముందు వాళ్ళకు కనబడుతుంది.

ఈ పరేషాన్ తప్పించడానికి మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. ఆయన ఇస్నాపూర్ అవతల యంత్రాల భాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అక్కడ క్రేన్ నడిపేవాడికి కింద నుంచి చేతులతో సైగలు చేస్తారట. అవి నాకు నేర్పారు. బొటనవేలు పైకంటే పాలున్నాయి, కిందికంటే లేవు, వేలు గుండ్రంగా తిప్పితే ఉన్నవాటిలో నీళ్ళు కలుపు. వారం రోజులు ప్రాక్టీసు చేశాం. మొదటిసారి వాడిన రోజు ఇంటికొచ్చింది ఆయన దోస్తు. నేను వేలు గుండ్రంగా తిప్పగానే ఆ వచ్చినాయన, "నీళ్ళు కలపకు చెల్లె, నేను నల్ల ఛాయే తాగుత," అన్నాడు. ఆయన పదేళ్ళు క్రేన్ నడిపినవాడని మా ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇదంతా సహించాను. సహించనిది ఒకటుంది.

రెండేళ్ళ కింద ఒక ఆదివారం, చెప్పకుండా, సంగారెడ్డి నుంచి మా ఆడబిడ్డ, ఆమె భర్త, ఇంకో ఇద్దరు వచ్చారు. మా ఆడబిడ్డ మా ఆయన కంటే పెద్దది. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను. నోరు అనడానికి అలవాటు పడింది గానీ, మనసు ఆ ఆదివారం నుంచి అనడం మానేసింది. నేను ముగ్గురికి పప్పు చేశాను. మనుషులు ఏడుగురయ్యారు. ఏ ఇంట్లోనైనా ఏం చేస్తారు? పప్పులో నీళ్ళు పోసి, రెండు మిరపకాయలు చిదిమి, మళ్ళీ ఒక ఉడుకు రానిస్తారు. నేనూ అదే చేశాను. కాకపోతే మా ఇంట్లో ఆ పని తలుపుకు ఎదురుగా, సోఫాకు ఎదురుగా, ఆయనకు ఎదురుగా జరిగింది.

"ఇంకో చెంబు పొయ్యి చెల్లె," అన్నాడాయన కాలు మీద కాలేసుకుని. "సంగారెడ్డి దాక సరిపోతది."

ముందు నవ్వింది ఆయన. తర్వాత మా ఆడబిడ్డ. తర్వాత వెంట వచ్చిన ఇద్దరు. వాళ్ళు పైవాళ్ళు, నవ్వకపోతే బాగుండదని నవ్వారు, వాళ్ళను కొంత వరకు వదిలేస్తాను. తర్వాత మంచం మీంచి మా అత్తమ్మ. అందరికంటే చివర, పళ్ళు కనబడకుండా, గడ్డం గీరుకుంటున్నట్టు మా ఆయన. చివర నవ్విన నవ్వు నాకు ఎక్కువ గుర్తుంది.

అత్తమ్మ గురించి కూడా చెప్పాలి. మా అమ్మాయి హాస్టల్లో చదువుతుంది కాబట్టి ఇంట్లో ఉండేది ముగ్గురమే, నేను, మా ఆయన, అత్తమ్మ. కిటికీ కింద ఆమె మంచం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, టీవీ అంటే విసుగు. అందుకని నన్ను చూస్తుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా నేనే ఆమె సీరియల్.

"ఉప్పేసినవా?"

"ఏసిన అత్తమ్మా."

"గిందాక గుడ ఏసినట్టు కొట్టింది."

"అది పసుపు."

"పసుపు గంతనా?"

ఇలా రోజుకు రెండు పూటలు. యాడ్స్ కూడా ఉండవు.

కొన్ని నెలల కింద ఒకరోజు అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, బిడ్డకు ఒడిబియ్యం పోసి అయిదేళ్ళు దాటిందని, వచ్చే నెలలో పోయాలని ప్రకటించింది. ఒడిబియ్యం అంటే పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి పంపడం. అత్తమ్మ మా దగ్గర ఉంది కాబట్టి మా ఇల్లే మా ఆడబిడ్డకు పుట్టిల్లు. భార్యాభర్తలిద్దరినీ పీటల మీద కూర్చోబెట్టాలి. అంటే ఆ అన్నయ్య రావాలి. ఆయన వెంట ఆయన వైపు చుట్టాలు రావాలి. అందరూ అదే హాల్లో, నా పప్పుకెదురుగా కూర్చోవాలి.

"గోడ కట్టినంకనే ఒడిబియ్యం," అన్నాను. "గోడ లేకుంటే ఆరోజు పొయ్యి ముట్టియ్య. నల్గురిల ఇంకోసారి నవ్వులపాలు కాను."

"గోడ కడితే హాలేడుంటదే?" అంది అత్తమ్మ. "ఇద్దరు పీటల మీద కూసోవాలె, అయిదుగురు ముత్తైదువలు చుట్టు నిలవడాలె. బియ్యం బాత్రూంల పోస్తవా?"

నేను జవాబిచ్చాను, ఆమె దానికి జవాబిచ్చింది. ఇద్దరం కలిసి మా ఆయన వైపు చూశాం. ఆయన ఏ పనైనా ముందు ఒకటి చేసి, కొలిచి, సంతకం పెట్టి, అప్పుడు మిగతావి చేసే రకం. పెళ్ళి ఒక్కటే ట్రయల్ లేకుండా చేసుకున్నారని ఆయనే అంటుంటారు. అదీ నాకు గుర్తుంది.

"ఒకసారి కట్టినంక గోడ తీసుడు కష్టం," అన్నారు. "ముందు ట్రయల్ చేద్దం."

"గోడకు ట్రయలేంది?"

మర్నాడు ఒక పసుప్పచ్చ టేపు చుట్ట తెచ్చారు. వాళ్ళ కంపెనీలో నేల మీద ఇలాంటి టేపే అతికించి ఉంటుందట. గీతకు ఇటు మనుషులు నడవాలి, అటు సామాను బండ్లు నడవాలి. "మా దగ్గర గీత అంటే గోడే. మేనేజర్ గుడ దాటడు. రెండు వారాలు గీతను గోడనుకుని ఉందాం. హాలు సరిపోతదా లేదా అదే తెలుస్తది."

ఆదివారం పొద్దున తాడు, సుద్దముక్క, కొలత టేపు పట్టుకుని మోకాళ్ళ మీద హాలంతా పాకారు. గోడ అటు చివర నుంచి ఇటు చివర దాకా పడింది. వంకర లేదు, ముడత లేదు. నిలబడి నడుం పట్టుకుని చూసుకున్నారు. అప్పుడే అత్తమ్మ మంచం దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, గీత దాకా నడిచొచ్చి ఆగింది.

"దర్వాజేదిరా?"

మా ఆయన గోడ ఈ చివర చూశారు, ఆ చివర చూశారు. ఆరు ముక్కలు కొలిచి అతికించిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ తలుపు మరిచిపోయారు.

"దాటిపోవే అమ్మా. టేపే గద."

"గోడన్నవ్ గదరా. మేనేజరే దాటడన్నవ్. నేను గోడ దునుకుతె నడుమిరుగదా?"

"ఒక్క నిమిషం. బ్లేడ్ తెస్త. తలుపు నడుమ పెడదమా, పక్కకా?"

"నడుమ వద్దు," అన్నాను నేను. "నడుమ పెడితే పొయ్యికి సూటిగ వస్తది. గోడ కట్టి ఏం లాభం? ఆ చివరకు పెట్టుర్రి."

"ఆ చివర ఫ్రిజ్ అడ్డమొస్తది."

"ఫ్రిజ్ జరపుర్రి."

"ఫ్రిజ్ జరిపితె ప్లగ్గు అందది."

"నాకు ఆగేటట్టు లేదురా," అంది అత్తమ్మ. "ఏడనన్న కొయ్యి. మీ డ్రాయింగు తర్వాత గీసుకోండ్రి!"

ఆయన ఆమె నిలబడ్డచోట రెండున్నర అడుగులు కోశారు. అత్తమ్మ తలుపు గుండా మర్యాదగా లోపలికి పోయింది. అలా మా తలుపు నడుమ పడింది, పొయ్యికి సూటిగా. ఎవరికి ఎప్పుడు ఎక్కడ అవసరం ముంచుకొస్తుందో దాన్ని బట్టి ఇంటి ప్లాను నిర్ణయమవుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

రెండు వారాల ట్రయల్ మొదలైంది. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, మంచినీళ్ళు కావాలంటే లేని తలుపు ముందు ఆగి, లేని గొళ్ళెం తీసి లోపలికొచ్చేవారు. ఒకరోజు కుక్కర్ నాలుగో కూత వేస్తుంటే నేను హాల్లోంచి పరుగెత్తుకుంటూ గీత దాటాను. ఆయన చూసి, ఎవరు దాటారో రాయడానికి గోడకు అతికించిన కాగితం మీద నా పేరుకెదురుగా ఒక టిక్కు పెట్టారు. ఆ గోడ నిజం గోడ, పడకగదిది. నా పేరుకెదురుగా టిక్కు పెట్టినాయన రెండుసార్లు నిద్రకళ్ళతో దాటారు. వాటికి టిక్కులు లేవు. నేను అడిగితే, "అవి ఎమర్జెన్సీ," అన్నారు.

అత్తమ్మ మాత్రం ఒక్కసారి దాటలేదు. అది చాలదన్నట్టు, గీత పడ్డ రోజు నుంచి నా వంట మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు అడగలేదు, పసుపు అడగలేదు. ఇది కదా నేను కోరుకున్నది అనుకున్నాను. నాలుగో రోజు పొయ్యి మీద పాలు పెట్టి వెనక బట్టలు ఆరేస్తున్నాను. వాసనొచ్చి పరుగెత్తుకొస్తే పాలన్నీ గట్టు మీద, గట్టు మీంచి నేల మీద. అత్తమ్మ మంచం మీద కూర్చుని, నిదానంగా అటే చూస్తోంది.

"పాలు పొంగుతుంటె పిలువరా అత్తమ్మా?"

"పొంగినయా?"

"మీ కండ్ల ముందే పొంగినయి!"

"గోడవతల పాలు పొంగితె నాకేమెరుక బిడ్డా," అంది.

ఆ పాల మరక ఇప్పటికీ గట్టు కింద ఉంది. కావాలనే తుడవలేదు.

ఈలోపు మా ఆయన ఒక మేస్త్రిని పిలిచారు. ఆయన వచ్చి చూసి, గోడ కట్టొచ్చు, కట్టకపోవచ్చు, రెండూ తాను చేయగలనన్నాడు. ఇటుకలు, ఇసుక దింపించమన్నాడు. దింపించాం. "సోమవారం వస్త," అన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు. ఫోన్ చేస్తే కొన్నిసార్లు "బయల్దేరిన" అనేవాడు. వెనకాల ఇంకో ఇంట్లో గోడ కొడుతున్న చప్పుడు వినబడేది. ట్రయల్ అయిపోయింది, నెల అయిపోయింది, ఒడిబియ్యం రోజు రానే వచ్చింది. మేస్త్రి రాలేదు.

"నేను చెప్పిన గద, పొయ్యి ముట్టియ్యనని," అన్నాను.

"గోడున్నది గదా," అంది అత్తమ్మ, టేపు వైపు చూపిస్తూ.

వెటకారమనుకున్నాను. మామూలుగానైతే ఆ ఒక్క మాటకు మూడు రోజులు మాట్లాడేదాన్ని కాదు. కానీ ఆడబిడ్డ ఒడిబియ్యం నా అలక వల్ల ఆగిందని రేపు పది మంది గుర్తుపెట్టుకుంటారు. గుర్తుపెట్టుకోవడం నా పని. నా మీద ఇంకొకరు ఆ పని చేస్తే నాకు నచ్చదు. పొయ్యి ముట్టించాను.

పదిహేను మంది వస్తామన్నారు. ఇరవై ముగ్గురు వచ్చారు. రెండు ఆటోలు, ఒక కారు. మా ఆడబిడ్డ వెంట ఆమె తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎదురింటివాళ్ళు కూడా ఉన్నారు. "ఖాళీగనే ఉన్నరని రమ్మన్న," అంది మా ఆడబిడ్డ. అన్నయ్య చెప్పులు విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, నేరుగా గట్టు వైపు నడిచాడు.

"ఏమొండుతున్నవ్ చెల్లె? జెర సూడనీ..."

"ఆగుండ్రి అయ్యా," అంది అత్తమ్మ మంచం మీంచి. "గోడున్నది."

ఆయన ఒక కాలు గాల్లో పెట్టి ఆగాడు. "ఏ గోడ అత్తమ్మ?"

"కాళ్ళ కింద సూడుండ్రి. పసుప్పచ్చగ ఉన్నది."

"గిది గీత గద!"

"మీ బామ్మర్ది కంపెనీల గీత దాటితె మేనేజర్‌ను గుడ రాసుకుంటరట. దర్వాజ నడుమ ఉన్నది. గని ఆడోళ్ళు పని చేసుకునే కాడ మీకేం పని?"

ఇరవై ముగ్గురూ కిందికి చూశారు. మా ఆయన ముందుకొచ్చి గోడ వివరాలు చెప్పడం మొదలుపెట్టారు. ట్రయల్ ఎందుకు, ఎన్ని రోజులు, టేపు వెడల్పెంత, ఇటుకల గోడైతే ఎంత చోటు తింటుంది. కొలత టేపు తీయబోతుంటే నేనే ఆపాను. అన్నయ్య మెల్లగా కాలు వెనక్కి పెట్టుకుని పోయి సోఫాలో కూర్చున్నాడు. ఆయన మొహంలో ఒక మాట తయారవుతోందని నాకు తెలిసింది. పప్పు గంజు మూత తీయగానే వస్తుంది.

ముందు ఒడిబియ్యం. వదినా మరదళ్ళమనే మాట పక్కన పెడితే, ఆ తంతు నాకిష్టం. పీటల మీద ఇద్దరూ కూర్చున్నారు. హాలు సరిపోయింది. సరిపోయిందంటే, అయిదుగురు ముత్తైదువల్లో ఇద్దరు గీతకు అటువైపు, అంటే గోడలోపల వంటింట్లో నిలబడి, గోడ మీదుగా చేతులు చాచి బియ్యం పోశారు. చాచేముందు ఒకామె అత్తమ్మను అడిగింది, "అవ్వా, గోడ మీదకెళ్లి పొయ్యొచ్చా?" అని. అత్తమ్మ ఆలోచించి, "కిటికీ అనుకో," అంది. ఒడి నిండుతుంటే మా ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంది. నేను కూడా దోసిళ్ళతో పోశాను. సంగారెడ్డి దాక సరిపోయేంత పోశాను. ఆ మాట పైకి అనలేదు.

తర్వాత భోజనాలు. చాపలు వేశారు. అందరూ వరసగా, వంటింటి వైపు మొహం పెట్టి కూర్చున్నారు. వెనక్కి తిరిగితే అన్నీ చెప్పులే. తీపికి చేసిన బక్షాలు సరిపోయేలా ఉన్నాయి. అన్నం పర్వాలేదు. పప్పు గంజు మూత తీశాను. పదిహేను మంది పప్పు ఉంది. ఎదురుగా ఇరవై ముగ్గురి కళ్ళున్నాయి. ఆ కళ్ళలో రెండు, నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నవి, గంజులోకే చూస్తున్నాయి.

నా చేయి చెంబు మీద ఉంది. ఎత్తలేదు. ఎత్తితే మాట వస్తుంది. ఎత్తకపోతే చివర ఎనిమిది మంది విస్తళ్ళలో పప్పుండదు, అది ఇంకా పెద్ద మాట. మా ఆయన వైపు చూశాను. ఆయన చేయి కొంచెం లేపి, వేలు గుండ్రంగా తిప్పారు.

"అందరు జెర అటు మర్లుండ్రి," అంది అత్తమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"గోడలకెళ్లి సూస్తుండ్రేంది? గోడుంటె అవతల కనవడ్తదా? మర్లుండ్రి అటు."

"అత్తమ్మ, మేం అన్నానికి కూసున్నం..." అన్నాడు అన్నయ్య.

"అన్నం వస్తది. మీ ఇంట్ల చుట్టాలు గోడలకెళ్లి తొంగి సూస్తరా? నాకు తెల్వక అడుగుత."

ముందు మా ఆడబిడ్డ తిరిగింది. ఒడి నిండా బియ్యంతో తిరగడానికి ఆమెకు కొంచెం టైం పట్టింది. తర్వాత ఆమె తోడికోడళ్ళు, పిల్లలు, ఎదురింటివాళ్ళు. పిల్లలకు ఇది ఆటలా ఉంది. చాపల మీద ఇరవై ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, విస్తరి వదిలేసి చెప్పుల వైపు తిరిగారు. చివరగా అన్నయ్య. మెడ ఒక్కటే తిప్పాడు. అత్తమ్మ దగ్గింది. మొత్తం తిరిగాడు.

ఎవరో చెప్పుల వైపు చూస్తూ, ఇస్నాపూర్ చౌరస్తాలో ఈమధ్య లారీలు ఎక్కువయ్యాయన్నారు. ఇంకెవరో అవునన్నారు. నేను చెంబెత్తి పోశాను. నీళ్ళు గలగలమన్నాయి. ఆ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. అన్నయ్య వీపు కదిలింది.

"చప్పుడు గుడ వినవడది," అంది అత్తమ్మ. "మంచి గోడ."

ఎవరిదో నవ్వు తుమ్ములా బయటికొచ్చింది. నేను రెండో చెంబు పోశాను. మూడోది కూడా పోశాను. మూడోది పప్పుకు అవసరం లేదు. ఇరవై ముగ్గురి వీపులను, ముఖ్యంగా ఒక వీపును, ఇంకాసేపు చూడాలనిపించింది. ఉప్పు వేశాను, మిరపకాయలు చిదిమాను, మళ్ళీ ఉడుకు రానిచ్చాను. తొందరపడలేదు.

"ఇగ మర్లుండ్రి," అన్నాను.

తిన్నారు. అన్నయ్య మూడుసార్లు పప్పు పోయించుకున్నాడు. ఒక్క మాట అనలేదు. చెయ్యి కడుక్కోవడానికి లోపలికి రావాలంటే తలుపు దగ్గర ఆగి, "రావొచ్చా చెల్లె?" అన్నాడు. నేను కొంచెం ఆలోచించి రానిచ్చాను.

అందరూ పోయాక గిన్నెలు సర్దుతూ అత్తమ్మను అడిగాను. "ఎందుకట్ల అన్నరు?"

"ఎందుకేంది? గోడ కావాలంటివి గద."

మంచం మీద కాళ్ళు చాపుకుంది. తర్వాత, "మూడు చెంబులు పోసినవ్," అంది. "రెండే సాలు. పలుచగయింది."

"మీరు చూసిండ్రా?"

"నేను ఇంటిదాన్ని. గోడ చుట్టాలకు."

ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడో రోజు, సోమవారం కాదు, బేస్తవారం పొద్దున్నే మేస్త్రి వచ్చాడు. తాపీ, బకెట్టు, ఇద్దరు కూలీలు. మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ ఆగి నా వైపు చూశారు. "హాలు సరిపోయిందా లేదా, నువ్వే చెప్పు. కట్టమంటవా?"

నేను రాత్రికి రాత్రి మారిపోయే మనిషిని కాను. ఆరేళ్ళు అడిగిన గోడ అది. ఇటుకలు గేటు బయట ఉన్నాయి, మేస్త్రి గుమ్మంలో ఉన్నాడు. ఊ అంటే సాయంత్రానికి గోడ లేస్తుంది, ఇక జన్మలో నా పప్పు ఎవరికీ కనబడదు. కానీ మూడు రోజులుగా నాకు కళ్ళు మూసుకుంటే ఇరవై ముగ్గురి వీపులు కనబడుతున్నాయి. ఇటుక గోడ కడితే వాళ్ళు అటు తిరగాల్సిన పనే ఉండదు. ఎటు కూర్చుంటే అటే హాయిగా కూర్చుంటారు. రెండేళ్ళ కింద నన్ను చూసి నవ్విన మనిషికి అంత సుఖం నేనెందుకు కట్టించి ఇవ్వాలి? ఈ టేపు ఉన్నన్నాళ్ళు ఆయన వచ్చినప్పుడల్లా తలుపు దగ్గర ఆగి అడగాలి, పప్పు వేళకు మొత్తం తిరగాలి.

"గోడ కట్టినం గద," అన్నాను మేస్త్రితో. "ఇంకో గోడెందుకు?"

మేస్త్రికి అర్థం కాలేదు. "ఏడ కట్టిండ్రు?" అంటూ లోపలికొచ్చి, చెప్పులతోనే గీత మీద కాలేశాడు.

"గోడ మీద చెప్పుల కాలు పెడ్తవేందయ్యా!" అంది అత్తమ్మ.

ఆయన ఎగిరి వెనక్కి దుమికాడు. కింద చూశాడు, నన్ను చూశాడు, అత్తమ్మను చూశాడు. చెప్పులు విడిచి, నడుమ తలుపు దాకా వచ్చి, చేత్తో అరిగిన టేపు చివర తడిమి, లేచి నిలబడ్డాడు.

"గింత మంచి గోడ నేను కట్టలేనమ్మా," అన్నాడు.

మా ఆయన నవ్వారు, ఈసారి పళ్ళు కనబడేలా. కూలీలు బకెట్టెత్తుకుని పోయారు. ఆ మధ్యాహ్నమే నేను దుకాణానికి పోయి కొత్త టేపు తెచ్చి, అరిగినచోట అతికించి, తలుపును ఫ్రిజ్ వైపుకు జరిపాను. అడ్డమొచ్చిన ఫ్రిజ్ జరిపితే ప్లగ్గు అందలేదు. తలుపు మాత్రం జరపలేదని ఎవరూ అనకూడదు.

మేస్త్రి అన్న మాట మెప్పో, వెక్కిరింపో నాకింకా తేలలేదు. తేలేదాకా ఆయన్ను ఏ పనికీ పిలిచేది లేదని మా ఆయనతో చెప్పాను.